గోదావరి సీమలో మారుమనువు: కర్తవ్యానికి కొలత

ఒక పని మంచిదా చెడ్డదా అన్నది దాని ఫలితాన్ని బట్టి కాక, అది చేయవలసినదా కాదా అన్నదానిని బట్టి తేల్చే ఆలోచనను కర్తవ్యవాదం అంటారు. తెలుగు బ్రాహ్మణ కుటుంబాలు అనేకం అనుసరించే ఆపస్తంబ ధర్మసూత్రంలో ఈ ఆలోచన స్పష్టంగా ఉంది. లౌకిక ప్రయోజనం కోరి ధర్మాన్ని ఆచరించరాదని, పండ్ల కోసం నాటిన మామిడి నీడనూ పరిమళాన్నీ ఇచ్చినట్లే ప్రయోజనాలు ధర్మాన్ని వెన్నంటి వస్తాయని, ఒకవేళ రాకపోయినా ధర్మానికి హాని లేదని ఆ గ్రంథం చెబుతుంది. వేదవిధుల అర్థాన్ని విచారించే మీమాంసకులలో ప్రభాకరుడు ఇంకా ముందుకు వెళ్లి, విధి, అనగా వేదం చేసే ఆజ్ఞ, ఫలాపేక్షతో పని లేకుండానే మనిషిని కార్యోన్ముఖుణ్ణి చేస్తుందని వాదించాడు.

అయితే ఏది కర్తవ్యమో నిర్ణయించేది ఎవరన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. పందొమ్మిదవ శతాబ్దపు గోదావరి సీమలో ఆ ప్రశ్నకు వితంతు వివాహం పరీక్షగా నిలిచింది. జంగారెడ్డిగూడేనికి ఎగువన ఉన్న మన్యంలో కోయలకు, మైదానంలోని పలు శ్రామిక కులాలకు భర్త పోయిన స్త్రీ మారుమనువు ఆచారసమ్మతమే కాగా, డెల్టా అగ్రహారాలలో అదే పని మహాపాతకంగా ఎంచబడేది. 1856 నాటి 15వ చట్టం ఇటువంటి వివాహాలకు చట్టబద్ధత కల్పించినా, ఆ కట్టుబాటు సడలలేదు.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు, వ్యతిరేకించిన పండితులు సైతం ధర్మం పేరుతోనే మాట్లాడారు. ఆ వివాహానికి తోడ్పడినవారిని కులం వెలివేసింది. వంటవారూ నీళ్లు తెచ్చేవారూ రావడం మానుకోగా, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ ఆ పనులన్నీ తన చేతులమీదుగా నడిపింది. లాభనష్టాలు లెక్కించేవారు ఆ మార్గంలో అడుగు పెట్టేవారు కారు.

ఇరుపక్షాలూ కర్తవ్యాన్నే చాటినప్పుడు ఎవరిది సరైనదో తేల్చడానికి, 1785లో జర్మన్ తత్త్వవేత్త ఇమ్మానుయేల్ కాంట్ ప్రతిపాదించిన కొలత ఉపకరిస్తుంది. మనిషి తాను పాటించే నియమం అందరికీ వర్తించే శాసనం కావాలని మనస్ఫూర్తిగా కోరుకోగలగాలని, ఏ వ్యక్తినీ కేవలం సాధనంగా వాడుకోరాదని ఆయన సిద్ధాంతం. భార్య పోయిన పురుషుడు మళ్లీ పెళ్లాడవచ్చునని, ఊహ తెలియని వయసులో భర్తను పోగొట్టుకున్న బాలిక మాత్రం జీవితాంతం ఒంటరిగా ఉండాలని శాసించే నియమం ఈ కొలతకు నిలవదు, ఎందుకంటే దానిని విధించినవారు తమకు దానిని వర్తింపజేసుకోలేదు. వీరేశలింగం శాస్త్రప్రమాణాలనూ చూపారు, బాలవితంతువుల వేదననూ చాటారు. కానీ ఆ పనికి నైతిక బలం చేకూర్చింది స్త్రీపురుషులకు ఒకే న్యాయం ఉండాలన్న పట్టుదల. ఫలితం చూడని నిష్ఠ ఒక్కటే కర్తవ్యాన్ని ధర్మంగా మార్చలేదు. ఇతరులకు విధించే నియమానికి తానూ లోబడినప్పుడే ఆ నిష్ఠకు గౌరవం దక్కుతుంది.