కలెక్టర్ అంటే అసలు అర్థం ఏంటి? తహసీల్దార్ అన్నా అదేనా?

కామారెడ్డి: భూమి పంచాయితీ ఎంతకీ తెగకపోతే కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో వినిపించే మాట ఒక్కటే.. ‘ఇక కలెక్టర్‌కే దరఖాస్తు పెట్టుకుందాం’. అందరి నోట్లో నలిగే ఈ ఇంగ్లిష్ మాటకు అసలు అర్థం ‘వసూలు చేసేవాడు’ అని చాలామందికి తెలియదు.

మాట ఎక్కడిది?
లాటిన్‌లో ‘కొల్లిగెరె’ అంటే ఒకచోటికి చేర్చడం. ఇంగ్లిష్‌లోని కలెక్ట్, కలెక్టర్ అక్కడి నుంచి వచ్చినవే. 1772లో వారన్ హేస్టింగ్స్ హయాంలో ఈస్టిండియా కంపెనీ బెంగాల్‌లో భూమి శిస్తు వసూలుకు కలెక్టర్లను పెట్టింది. తెలుగు నేలపై ఈ మాట ముందు కోస్తా, రాయలసీమల్లో పాకింది. 1800లో నిజాం కంపెనీకి వదులుకున్న సీమ జిల్లాలకు థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చారు.

తెలంగాణలో ఆలస్యంగా..
నిజాం రాజ్యంలో మొదటి సాలార్‌జంగ్ 1865లో జిల్లాలు ఏర్పాటు చేశారు. జిల్లా పెద్దను అప్పట్లో ‘అవ్వల్ తాలూక్‌దార్’ అనేవారు. తాలూకాను చూసేది తహసీల్దార్. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిశాక కలెక్టర్ పేరు ఇక్కడా స్థిరపడింది.

రెండింటికీ ఒకటే అర్థం
‘తహసీల్’ అరబ్బీ మాట. వసూలు అని అర్థం. ‘దార్’ ఫార్సీ. జమీందార్, హవల్దార్‌లో ఉన్నదీ ఇదే. అంటే తహసీల్దార్ అన్నా, కలెక్టర్ అన్నా వసూలు చేసేవాడే! 1985లో తాలూకాలు పోయి మండలాలు రావడంతో ‘ఎమ్మార్వో’ వచ్చారు. తర్వాత మళ్లీ తహసీల్దార్ పేరే పెట్టినా, జనం నోట ఎమ్మార్వో ఇంకా పోలేదు.

ఇప్పుడు పని తిరగబడింది
శిస్తు కోసం రాసుకున్న భూమి రికార్డే ఇప్పుడు రైతుకు ఆధారం. 2018లో రైతుబంధు మొదలయ్యాక పాస్‌బుక్ చూసి సర్కారే రైతుకు పెట్టుబడి సాయం ఇవ్వడం మొదలైంది. రికార్డులో పేరు తప్పు పడితే ఆ సాయం ఆగిపోతుంది. అందుకే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియడం ముఖ్యం.

2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా ఏర్పడింది. అంతకుముందు ఎల్లారెడ్డి వాసులు కలెక్టర్‌ను కలవాలంటే నిజామాబాద్ దాకా పోవాల్సి వచ్చేది. ఇప్పుడు కలెక్టరేట్ కామారెడ్డిలోనే ఉంది. ఎల్లారెడ్డి రెవెన్యూ డివిజన్‌కు ఆర్డీవో ఉన్నారు. భూమి సమస్యలకు చాలావరకు ముందు మండల తహసీల్దార్‌ను కలవాలి. అక్కడ తేలకపోతే ఆర్డీవో, ఆ పైన కలెక్టర్. సోమవారం ప్రజావాణిలో నేరుగా ఇచ్చిన దరఖాస్తు కూడా విచారణ కోసం తరచూ తహసీల్దార్ దగ్గరికే తిరిగొస్తుంది. అందుకే ఎక్కడ ఇచ్చినా రసీదు తీసుకుని దాచుకోవాలి.