అర సెకను ఆలస్యం

2024 మార్చి నెలలో ఆండ్రెస్ ఫ్రాయిండ్‌కు కావలసిందల్లా తన మెషీన్ కాసేపు ఊరికే ఉండటం.

ఆయన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను తీర్చిదిద్దే ఇంజినీర్లలో ఒకరు. ఉద్యోగం మైక్రోసాఫ్ట్‌లో, ఉండేది శాన్‌ఫ్రాన్సిస్కోలో. అప్పుడు డేటాబేస్ వేగాన్ని సూక్ష్మంగా కొలిచే పనిలో ఉన్నారు. అలాంటి కొలతకు కూర్చున్నప్పుడు వెనకాల ఇంకే పనీ నడవకూడదు. నడిచిందా, వచ్చిన అంకెల్ని నమ్మడానికి లేదు. కానీ ఒక ప్రోగ్రామ్ మాత్రం ఉండవలసిన దానికంటే ఎక్కువ సీపీయూను తింటూ కనిపించింది. దూరం నుంచి సర్వర్లలోకి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్‌డీ అది.

ఇంటర్నెట్‌కు తగిలించి ఉన్న ఏ మెషీన్ తలుపునైనా రాత్రింబవళ్లు ఎవరో ఒకరు తప్పుడు పేర్లతో తడుతూనే ఉంటారు. అందులో వింతేమీ లేదు. పేరే తప్పయినప్పుడు ఆ ప్రయత్నం పెద్ద ఖర్చేమీ లేకుండా అక్కడికక్కడే ఆగిపోవాలి. ఇక్కడ ఆగుతోంది, కానీ ఆగడానికే చాలా పని జరుగుతోంది. ఫ్రాయిండ్ కొలిచి చూశారు. ఒకప్పుడు 0.299 సెకన్లు పట్టే విఫల లాగిన్‌కు ఇప్పుడు 0.807 సెకన్లు పడుతోంది. తేడా అర సెకను.

చాలామంది అక్కడే వదిలేసేవాళ్లు. ఈయన ప్రొఫైలర్ పెట్టి చూశారు. సమయమంతా లిబ్‌ఎల్‌జెడ్‌ఎమ్‌ఏ అనే లైబ్రరీలో ఖర్చవుతోంది, కానీ అందులో ఏ ఫంక్షన్ పేరూ రావడం లేదు. ఆ లైబ్రరీ ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ ప్రాజెక్టుది. కుదింపు లైబ్రరీకి లాగిన్ దగ్గర ఏం పని? దానికి దారి ఉంది. డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ పంపిణీలు ఎస్‌ఎస్‌హెచ్‌డీకి సిస్టమ్‌డీ లైబ్రరీని జోడించుకున్నాయి. ఆ సిస్టమ్‌డీ లైబ్రరీ వెంట ఇదీ వచ్చి చేరింది. దారి సరే, ఈ పేరులేని పని ఏమిటి?

అంతకు కొన్ని వారాల ముందు సంగతి ఒకటి ఆయనకు గుర్తొచ్చింది. ప్యాకేజీలు అప్‌డేట్ అయ్యాక పోస్ట్‌గ్రెస్ ఆటోమేటిక్ పరీక్షల్లో వాల్‌గ్రైండ్ అనే పరికరం అర్థం కాని ఫిర్యాదులు చేసింది. మెమరీ తప్పుల్ని పట్టే పరికరం అది. రెండూ కలిపి చూస్తే అనుమానం గట్టిపడింది. డెబియన్ ప్యాకేజీలో ఎవరో చొరబడ్డారని మొదట అనుకున్నారు. తవ్వుతూ పోతే తప్పు అంతకంటే పైన, ఎక్స్‌జెడ్ విడుదల చేసిన మూలప్రతిలోనే తేలింది.

నా దృష్టిలో ఈ కథ గుండె ఇక్కడుంది.

ఒక సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్‌లో రెండు జాతుల ఫైళ్లు కలిసి కాపురం చేస్తుంటాయి. మనుషులు రాసినవి కొన్ని. వాటిని చదివి యంత్రం పుట్టించినవి కొన్ని. రెండో జాతిని జనరేటెడ్ ఫైళ్లు అంటారు. వ్యాకరణ నియమాలు ఇస్తే బైసన్ రాసిపెట్టే సీ కోడ్, ఆటోకాన్ఫ్ రాసిపెట్టే ‘కాన్ఫిగర్’ స్క్రిప్ట్ ఇలాంటివే. కాన్ఫిగర్ స్క్రిప్ట్ వేల లైన్లుంటుంది. దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివినవాణ్ణి నేను ఇంతవరకూ కలవలేదు. 1991లో ఆటోకాన్ఫ్ పుట్టిన కాలంలో ప్రతివాడి యూనిక్స్ మెషీన్‌లోనూ ఈ పరికరాలు ఉండేవి కావు. అందుకని రచయితే తన దగ్గర ఈ ఫైళ్లు పుట్టించి, విడుదల చేసే సోర్స్ కట్టలో, అంటే టార్‌బాల్‌లో, కలిపి ఇచ్చేవాడు. అది మర్యాదగా మొదలై ఆచారంగా స్థిరపడిపోయింది.

దాని ఫలితం చూడండి. అందరికీ కనిపించే గిట్ రిపాజిటరీలో ఉన్నదీ, టార్‌బాల్‌లో చేతికొచ్చేదీ ఒకటి కాదు. ఎండు మిరపకాయలు వాకిట్లో ఆరబోసి చూపించి, చేతికి మాత్రం ఎక్కడో పట్టించిన కారం పొట్లం ఇచ్చినట్టు. తేడా ఉండటమే మామూలైనప్పుడు తేడాను చూసి ఎవరు ఉలిక్కిపడతారు?

జియా టాన్ అన్న పేరుతో పనిచేసినవాడు దాక్కున్నది ఆ తేడాలోనే. 2021లో కనిపించిన ఆ పేరు వెనక ఎవరున్నారో ఇప్పటికీ బయటపడలేదు. ఎక్స్‌జెడ్‌ను ఏళ్ల తరబడి దాదాపు ఒంటిచేత్తో మోసినవారు లాస్సే కొల్లిన్. 2022లో ఆయన తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని పని అని బాహాటంగానే చెప్పుకున్నారు. అదే సమయంలో కొత్త పేర్లు కొన్ని వచ్చి, పని నడవడం లేదు, ఇంకొకరికి అప్పగించు అని పోరు పెట్టాయి. అలసిపోయిన మనిషి చేయి అందించినవాణ్ణి నమ్మాడు. ఆయన్ను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. 2023 నాటికి విడుదలలు జియా టాన్ చేతికి వచ్చాయి.

2024 ఫిబ్రవరి 24న 5.6.0 విడుదలైంది. దాని టార్‌బాల్‌లో ‘బిల్డ్-టు-హోస్ట్.ఎమ్4’ అనే ఫైల్ ఉంది. గిట్‌లో ఆ ఫైల్ లేదు. గ్నూ ప్రాజెక్టు అందించే అసలైన ఫైల్ ఒకటి అదే పేరుతో ఉంటుంది కాబట్టి పేరు చూసి ఎవరూ అనుమానించరు. ఇది దాన్ని మార్చిన నకలు. దాని నుంచి పుట్టిన కాన్ఫిగర్ స్క్రిప్ట్ నడిచినప్పుడు టెస్టుల ఫోల్డర్‌లోకి వెళ్లి, చెడిపోయిన నమూనాగా పెట్టిన ఓ కుదింపు ఫైల్‌ను తీసుకుంటుంది. అందులో కొన్ని అక్షరాల్ని ‘టీఆర్’ కమాండ్‌తో తారుమారు చేస్తే చెడిపోయినదల్లా బాగైపోతుంది. విప్పితే లోపల షెల్ స్క్రిప్ట్! ఆ స్క్రిప్ట్ ఇంకో నమూనా ఫైల్‌ను విప్పి, ముందే కంపైల్ చేసి పెట్టిన ఆబ్జెక్ట్ ఫైల్‌ను బయటికి లాగి లైబ్రరీలో అతికిస్తుంది. ఆ రెండు నమూనాలూ గిట్‌లో అందరి కళ్లముందే ఉన్నాయి. 5.6.0లో ఏ టెస్టూ వాటిని వాడటం లేదన్న సంగతినీ ఫ్రాయిండ్ గమనించారు.

అదీ ప్రతిచోటా జరగదు. లినక్స్ అయి ఉండాలి, ప్రాసెసర్ ఎక్స్86-64 కావాలి, కట్టేది డెబియన్ లేదా ఆర్‌పీఎమ్ ప్యాకేజీ కావాలి. సరదాకి తన మెషీన్‌లో కంపైల్ చేసుకునేవాడికి ఏమీ కనపడదు. వాల్‌గ్రైండ్ ఫిర్యాదులు మొదలయ్యాక మార్చి 9న 5.6.1 వచ్చింది. ఆ నోరు నొక్కడానికి నమూనా ఫైళ్లనే మార్చారు.

అతికించిన ముక్క ఏం చేస్తుందో తర్వాత మరికొందరు నిపుణులు విప్పి చెప్పారు. ఒక రహస్య తాళంచెవి ఉన్నవాడు పాస్‌వర్డ్ అడిగేలోపే ఆ సర్వర్‌లో ఏ కమాండైనా నడపవచ్చు.

మార్చి 28న ఫ్రాయిండ్ డెబియన్ భద్రతా బృందానికి తెలియజేశారు. 29న, గుడ్ ఫ్రైడే నాడు, లోకానికి చెప్పారు. లోపానికి 10కి 10 తీవ్రత పడింది. అప్పటికి అది డెబియన్ పరీక్షా శాఖల్లోకి, ఫెడోరా రాహైడ్‌లోకి, ఓపెన్‌సూజె టంబుల్‌వీడ్‌లోకి చేరింది. డెబియన్ స్థిర విడుదలను మాత్రం తాకలేదు. ఉబుంటు 24.04 బీటా వారం వెనక్కి వెళ్లింది. ఆర్చ్ లినక్స్ టార్‌బాల్‌ను పక్కనపెట్టి గిట్ నుంచే ప్యాకేజీని మళ్లీ కట్టింది. మీట నొక్కే ఎమ్4 ఫైల్ లేకపోతే ఆ నమూనాలు పడి ఉన్న ఫైళ్లు మాత్రమే. మే 29న లాస్సే కొల్లిన్ శుభ్రం చేసిన 5.6.2ను విడుదల చేశారు.

నన్ను బాగా కదిలించిన విషయం మరొకటి ఉంది. ఈ రెండు జాతుల ఫైళ్ల కలగలుపు ఫ్రాయిండ్‌కు కొత్త కాదు. పోస్ట్‌గ్రెస్‌ను మెసన్ అనే బిల్డ్ పద్ధతికి మార్చే పనిలో ముందున్నది ఆయనే. 2023లో వచ్చిన 16వ వెర్షన్‌తో అది అందుబాటులోకి వచ్చింది. మెసన్ సోర్స్ ఫోల్డర్‌లో బిల్డ్ చేయనివ్వదు. విడిగా ఒక బిల్డ్ ఫోల్డర్ ఉండాలి, పుట్టేవన్నీ అక్కడే పుట్టాలి. ఎందుకింత పట్టుదల అంటే, పాత బిల్డ్ వదిలిపోయిన హెడర్ ఫైల్ ఒకటి సోర్స్ ఫోల్డర్‌లో మిగిలిందనుకోండి. కోట్స్‌లో పేరిచ్చి కలుపుకునే హెడర్‌ను సీ కంపైలర్ మొదట ఆ కోడ్ ఉన్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. బిల్డ్ ఫోల్డర్‌లో తాజాది ఉన్నా పాతదే గెలుస్తుంది. ఎర్రర్ రాదు, తప్పు మాత్రం లోపలికి పోతుంది. అందుకే పోస్ట్‌గ్రెస్ మెసన్ ఫైల్‌లో ఒక కాపలా పెట్టారు. సోర్స్ ఫోల్డర్‌లో పాత బిల్డ్ ఆనవాళ్లు కనిపిస్తే అది ముందుకు కదలదు.

అదే ప్రాజెక్టు 2023 నవంబర్‌లో, ఈ చొరబాటు బయటపడకముందే, ముందుగా పుట్టించిన ఫైళ్లను టార్‌బాల్‌లో కలిపే ఆచారాన్నే తీసేసింది. 17వ వెర్షన్ నుంచి ఆ ఫైళ్లు కావాలంటే బైసన్, ఫ్లెక్స్, పెర్ల్ మన దగ్గర ఉండాలి, మనమే పుట్టించుకోవాలి. కొందరికి ఇది ఇబ్బందే. ఆ ఇబ్బంది పడి తీరాలని నా అభిప్రాయం.

విడి బిల్డ్ ఫోల్డర్ ఒక్కటే ఎక్స్‌జెడ్‌ను కాపాడేది కాదు. దాడి చేసినవాడి స్క్రిప్ట్ సోర్స్ ఫోల్డర్ ఎక్కడుందో అడిగి తెలుసుకుని మరీ పనిచేసింది. కాపాడగలిగేది ఆ విభజనను టార్‌బాల్ దాకా తీసుకెళ్లడం. మనిషి రాసింది మాత్రమే సోర్స్‌గా రావాలి. యంత్రం పుట్టించేది మన యంత్రం మీదే పుట్టాలి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బెంగళూరులోనో బిల్డ్ సర్వర్లు చూసుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మనవి. మీరు వాడే టార్‌బాల్ ఒకటి విప్పి, అదే వెర్షన్ గిట్ ట్యాగ్‌తో డిఫ్ తీయండి. తేడాగా వచ్చిన ప్రతి ఫైల్‌నూ ఏ పరికరం దేని నుంచి పుట్టించిందో వెతకండి. జవాబు దొరికిన ఫైల్‌ను మీ దగ్గరే మళ్లీ పుట్టించుకోండి, దొరకనిదాన్ని తీసేయండి.