రాతి గట్ల వెంట బాస్ చేపల వేట: గాలం చిక్కుకోకుండా పాటించే పద్ధతులు

ఉత్తర అమెరికా నదులు, జలాశయాల రాతి గట్ల సందుల్లో క్రేఫిష్‌లు దాగి ఉంటాయి. వాటిని తినడానికి స్మాల్‌మౌత్ బాస్ చేపలు అక్కడికి చేరతాయి. గాలం ఎక్కువగా ఇరుక్కునేదీ ఆ సందుల్లోనే.

టెక్సస్ రిగ్ పద్ధతిలో కొక్కెం మొనను మెత్తని ప్లాస్టిక్ ఎరలోనే దాచుతారు. చేప కరిచాక గాలపు కర్రను గట్టిగా లాగినప్పుడే ఆ మొన బయటపడుతుంది. ఫుట్‌బాల్ జిగ్ అనే బరువు తల కొక్కేనికి ఉండే వెడల్పాటి తల సన్నని సందుల్లో సులభంగా దిగబడదు, రాళ్ల మీదుగా దొర్లుతుంది. తేలే రకం క్రాంక్‌బెయిట్ (లాగుతుంటే నీటిలోకి మునిగే గట్టి ఎర) రాయికి తగిలినప్పుడు లాగడం ఆపితే పైకి లేచి విడిపోతుంది.

ఎర ఇరుక్కున్నాక బలంగా లాగితే కొక్కెం మరింత బిగుసుకుంటుంది. దారం వదులు చేసి, ఎదురు దిశ నుంచి మెల్లగా కదపాలి. దారం తెగితే దానికి కట్టిన సీసపు గుండ్లు నీటిలోనే మిగిలిపోతాయి; వాటిని మింగిన లూన్ అనే నీటి పక్షులు విషప్రభావంతో చనిపోతాయి. అందుకే సీసానికి బదులు టంగ్‌స్టన్ గుండ్లు వాడటం మంచిది.