పరీక్ష తేల్చినా తెగని భయం

రక్తపరీక్షలో రోగం లేదని తేలిన మనిషి ఇంటికి వచ్చి నిశ్చింతగా నిద్రపోవాలి. సుఖవ్యాధుల విషయంలో చాలామందికి అది సాధ్యపడదు. ఒకచోట లేదంటే మరొకచోట పరీక్ష చేయించుకుంటారు. ఒంటిమీది ప్రతి మచ్చలోనూ రోగాన్నే చూస్తారు. దీనిని మనోదౌర్బల్యమని కొట్టిపారేయడం తేలిక. కాని ఈ భయానికి ఒక చరిత్ర ఉన్నది.

1495లో నేపుల్స్‌ను ఆక్రమించిన ఫ్రెంచి సైన్యంలో సిఫిలిస్ ప్రబలింది. ఇటలీవారు దానిని ఫ్రెంచి రోగమన్నారు. ఫ్రెంచివారు నేపుల్స్ రోగమన్నారు. మన దేశంలో భావమిశ్రుడు తన ‘భావప్రకాశం’లో ఫిరంగ రోగమన్నాడు. మశూచి వచ్చినవాడు రోగి, ఇది వచ్చినవాడు దోషి. దోషం ఎప్పుడూ పరాయివాడిదే.

1905లో షౌడిన్, హాఫ్‌మన్‌లు ఈ రోగక్రిమిని కనిపెట్టారు. మరుసటి ఏడే వాసర్‌మన్ రక్తపరీక్ష వచ్చింది. అయితే అది మలేరియా, కుష్ఠు రోగులలో కొందరికి లేని సిఫిలిస్‌ను చూపేది. కొన్ని దశలలో ఉన్న రోగాన్ని పట్టలేకపోయేది. కనుక ఆనాటి అనుమానానికి ఆధారమున్నది. 1943లో పెనిసిలిన్ సిఫిలిస్‌ను నయం చేయగలదని తేలింది. 1949లో మరింత నికరమైన పరీక్ష వచ్చింది. ఆధారం సన్నగిల్లినా అనుమానం నిలిచింది. 1985లో హెచ్‌ఐవికి రక్తపరీక్ష వచ్చాక అదే కథ పునరావృతమైంది. కారణమేమిటి?

1864లో బ్రిటన్‌లోనూ, 1868లో భారతదేశంలోనూ తెల్లదొరలు అంటువ్యాధుల చట్టం చేశారు. సైనికుల ఆరోగ్యం పేరిట, వేశ్యలుగా నమోదైన స్త్రీలను నిర్బంధంగా పరీక్షించారు. రోగముంటే లాక్ ఆసుపత్రులలో బంధించారు. పురుషుని జోలికి ఆ చట్టం పోలేదు. రోగం లేదని తేలిన స్త్రీకైనా విముక్తి లేదు, గడువు రాగానే మళ్ళీ హాజరు కావలసిందే. జోసెఫిన్ బట్లర్ ప్రభృతుల ఆందోళన ఫలితంగా బ్రిటన్‌లో 1886లో ఆ చట్టం రద్దయింది. ఇక్కడిది 1888లో పోయింది.

ఆ పాలకులకు పరీక్ష అంటే వైద్యం కాదు, శీలంమీద కాపలా. కాపలాకు ముగింపు ఉండదు. చట్టం పోయినా ఆ కాపలావాణ్ణి మనం మనసులో నిలుపుకున్నాం. నేడు భయగ్రస్తుడైన యువకుడు తనకు తానే గడువులు పెట్టుకుని హాజరవుతున్నాడు. ప్రయోగశాల క్రిమి ఉన్నదో లేదో చెబుతుంది. అతడు కోరేది పాపవిమోచనం. అది ఏ ప్రయోగశాలా ఇవ్వలేదు. మన పట్టణాల గోడలమీద గుప్తరోగాల ప్రకటనలు బతికేది ఈ సందుమీదనే.

రోగం సోకిన కొత్తలో పరీక్షకు దొరకని వ్యవధి ఉంటుందన్నది నిజమే. హెచ్‌ఐవికి నేటి నాలుగోతరం ప్రయోగశాల పరీక్షలో అది 45 రోజులు. అది దాటిన తరువాత లేదని వస్తే లేనట్టే. అప్పటికీ భయం వీడకపోతే కావలసింది మరో సూదిపోటు కాదు, మనోవైద్యుని సహాయం. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

సమ్మతి లేనిదే హెచ్‌ఐవి పరీక్ష చేయరాదని 2017 చట్టం శాసించింది. మనిషిని అనుమానితుడిగా కాక మనిషిగా చూడటానికి చట్టానికి ఇంతకాలం పట్టింది. మన తరగతి గదులకు ఇంకెంతకాలం పడుతుంది?