బందరు చేరిన పొగమంచు

ధనుర్మాసంలో తెల్లవారుజామున ముదినేపల్లి దాటి కొల్లేటి వైపు వెళ్తే గట్టు ఎక్కడ ఆగిందో, నీరు ఎక్కడ మొదలైందో కంటికి అందదు. కిక్కిస దుబ్బు కూడా బూడిదరంగులో కాస్త నీలం కలిసినట్టు నిలబడుతుంది. కొత్తగా కుంచె పట్టినవాళ్లు దీన్ని ఒక్క పూతలో తేల్చాలని చూసి నిరాశపడతారు. పూత మీద పూత వేసే విద్య వందేళ్ల కిందటే మన పక్కనున్న బందరుకు వచ్చింది. అది వచ్చిన దారే చాలా పొడుగు.

1903లో యొకొయామా తైకాన్, హిషిదా షున్సో జపాన్ నుంచి కలకత్తా వచ్చారు. గీతను వదిలేసి రంగును పొగలా అలికే వాళ్ల తీరుకు జపాన్ విమర్శకులు 'మోరోతాయ్', అంటే మసక తీరు, అని వెక్కిరింపు పేరు పెట్టారు. తైకాన్ బొమ్మ మీద తడికుంచె ఆడించడం చూసిన అవనీంద్రనాథ్ ఠాగూర్ ఏకంగా కాగితాన్నే నీళ్లలో ముంచారు. నీటిరంగు వేసి ఆరబెట్టడం, ముంచడం, నిలవని రంగును పోనివ్వడం, మళ్లీ పలచగా పూయడం. ఇలా ఎన్నోసార్లు చేస్తే రంగు కాగితంలోకి ఇంకి లోపలి నుంచి వెలుగుతుంది. ఇదే వాష్ పద్ధతి.

మన వైపు నేల అప్పటికే పదునెక్కుతోంది. రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన చేరదీసిన పిల్లలే. ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండా 1925లో దామెర్ల పోవడం మన చిత్రకళకు తీరని లోటు. కొల్లేటి అంచు గ్రామాలకు దగ్గరి గురుపీఠం మాత్రం బందరు ఆంధ్ర జాతీయ కళాశాల. 1920లలో ప్రమోద్ కుమార్ చటర్జీ అక్కడ అవనీంద్రనాథ్ నడిపిన వంగ సంప్రదాయంలో చిత్రకళ నేర్పారు. బాపిరాజు ఆయన దగ్గరా నేర్చుకుని, తర్వాత అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు.

ఆ సంప్రదాయంలో పూతలన్నీ ఎక్కువగా పురాణపురుషుల చుట్టూనే తిరిగాయి, పొగమంచు వాళ్ల వెనక తెరగా మిగిలింది. మంచునే ముందుకు తెచ్చి ఉంటే బాగుండేదని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇప్పుడు చేపల చెరువులతో గట్లు తిన్నగా సాగిపోయినా మంచు మంచే. నేర్చుకునేవాళ్లు మొదట ఒక పాత బొమ్మను చూసి వేస్తే ఏ పూత ముందో, ఏది తర్వాతో చేతికి తెలుస్తుంది. ఆపైన ముదినేపల్లి గట్టు మీద కూర్చోవచ్చు. ఆకాశమూ నీళ్లూ కలిపి ఒకే పూత. అది ఆరాక అవతలి గట్టు. అదీ ఆరాక కిక్కిస. అన్నిటికన్నా చివర, కాస్త చిక్కని రంగుతో, దగ్గరున్న దోనె.