సామాన్ల జాబితా

సామాన్ల జాబితా రాయడమంటే మన ఆడవాళ్ళకి తెలిసిన సందర్భాలు రెండే. అమ్మాయికి సారె పెట్టినప్పుడొకటి, అయ్యగారికి బదిలీ అయినప్పుడొకటి. మూడోది కూడా ఉందని నాకు ఈమధ్యే తెలిసింది.

నవల కోసం రెండో ప్రపంచ యుద్ధం సంగతులు వెతుకుతూ మా అబ్బాయి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. హాలండ్‌లో నాజీలకు బలైపోయిన లక్షమందికి పైగా యూదుల పేర్లతో 2005లో ఇంటర్నెట్‌లో ఒక స్మారకం వెలిసింది. పేర్లు ఇంటింటి వారీగా ఉన్నాయి. తండ్రి, తల్లి, పిల్లలు, పుట్టినరోజులు, వీధి పేరు. కొన్ని ఇళ్ళ కింద సామాన్ల జాబితా! కుర్చీలు, పరదాలు, గిన్నెలు... మనుషుల్ని పంపించేసి ఇళ్ళు ఖాళీ చేయడానికి 1942, 43లలో గుమాస్తాలు రాసుకున్న లెక్క అది.

మరి ఆ మనుషుల లెక్క? వెస్టర్‌బోర్క్ శిబిరం నుంచి రెండేళ్ళలో లక్షమందికి పైగా రైళ్ళలో తూర్పుకు పంపారు. తిరిగొచ్చింది సుమారు 5,000 మంది. 1943 మార్చి నుంచి జూలై దాకా 19 రైళ్ళు పోలండ్‌లోని సోబిబోర్‌కు వెళ్ళాయి. వాటిలో 34,000 మంది. బతికింది 18 మంది! రైలెక్కిన వాళ్ళ పేర్లు జాబితాలో ఉన్నాయి. దిగిన చోట ఎవరి పేరూ ఎవరూ రాసుకోలేదు. కుర్చీకున్న లెక్క మనిషికి లేకపోయింది.

ఇవాళ ఎక్కడెక్కడో ఉన్న మనవలు ఆ కాగితాలే వెతుక్కుంటున్నారు. జర్మనీలోని ఆరోల్సెన్ భాండాగారం 2019లో కోటికి పైగా పత్రాలను ఇంటర్నెట్‌లో పెట్టింది. వెతకడం తేలికేం కాదు. ఒకే పేరు ఒక్కో గుమాస్తా చేతిలో ఒక్కో రకంగా మారిపోయింది. అయితే హాలండ్‌లో ఒక మంచి పద్ధతుంది. పెళ్ళయినా రిజిస్టర్లో ఆడదాని పుట్టింటి పేరు పోదు. ఆన్ ఫ్రాంక్ తల్లిని ఎడిత్ ఫ్రాంక్-హోలెండర్ అంటారు. హోలెండర్ ఆమె పుట్టింటి పేరు. అలా పుట్టింటి పేరు పట్టుకుని అక్కచెల్లెళ్ళను కలుపుకుంటూ పోవచ్చు.

ఇంతా వెతికేది దేనికంటారా? చాలామందికి కావలసింది ఒక్క తేదీ. పోయినవాళ్ళ కోసం ఏటా ఆ రోజున దీపం పెట్టడం యూదుల ఆచారం. సోబిబోర్ రైలుకు మూడు రోజుల ప్రయాణం. అందుకని బయలుదేరిన మూడో రోజునే చనిపోయిన రోజుగా రాశారు. ఆ మాత్రం కూడా దొరకని వాళ్ళకి టేవేత్ మాసం పదోనాడు అందరికీ కలిపి ప్రార్థన. తిథి తెలియని వాళ్ళకి మనం మహాలయ అమావాస్యనాడు పెట్టుకోమూ? అది చదివాక కాసేపు నా చెయ్యి ఆడలేదు.

జెరూసలేంలోని యాద్ వషేమ్ సంస్థ దగ్గర ఇంకో రకం కాగితముంది. ఇది గుమాస్తాలు రాసింది కాదు, అయినవాళ్ళు రాసింది. పేరు, పుట్టింటి పేరు, అమ్మానాన్నల పేర్లు, చేసిన పని. తెలిసినంత రాయొచ్చు, తెలియనిది ఖాళీగా వదిలేయొచ్చు. ఇలాంటి కాగితాలు, జాబితాలు అన్నీ కలిపి దాదాపు 50 లక్షల పేర్లు అక్కడ పోగయ్యాయి.

కింద రాసినవాళ్ళ సంతకం ఉంటుంది. పోయినవాళ్ళకి మీరేమవుతారు అన్న ప్రశ్న కూడా ఉంటుంది. సామాన్ల జాబితాలో ఆ గడి లేదు.