శ్రీనివాసపురం వంతు

దగ్గరికి జరిగి కూర్చో అబ్బీ, చలి ఎముకల్లోకి దిగతా ఉండాది. ఆ మామిడి పుల్లలు రెండు లోపలికి తొయ్యి. పొద్దున అడిగినావే, మన శ్రీనివాసపురంలో ఎప్పుడు ఓట్లొచ్చినా ఆ ఇద్దరి పేర్లే ఎందుకు తాతా అని. చెప్తా విను.

మా నాయన మొదటి ఓటు 1952లో వేసినాడు. అప్పట్లో కాగితం మీద ముద్ర వేసేది లేదు. నిలబడినోళ్లు ఎంతమందో అన్ని పెట్టెలు, పెట్టె పెట్టెకూ ఒక గుర్తు. తెర వెనక్కి పోయి, చేతిలో ఉండే కాగితాన్ని నచ్చిన పెట్టెలో వేసి వచ్చేయాల. మా నాయనకు అక్షరం ముక్క రాదు, కాంగ్రెసు జోడెద్దుల బొమ్మ తెలిస్తే చాలు. ఆ ఎలక్షన్ల దాకా మైసూరు రాజ్యానికి, అదే ఇప్పటి మన కర్ణాటకం, ముఖ్యమంత్రి మన జిల్లావాడే. క్యాసంబళ్లి చెంగలరాయరెడ్డి. కె.సి.రెడ్డి అంటారు. 1947 అక్టోబరులో కూర్చున్నాడు, 1952 మార్చి దాకా ఉన్నాడు. స్వతంత్రం వచ్చినాక ఆ రాజ్యానికి మొట్టమొదటి ముఖ్యమంత్రి మన ఎర్ర మట్టి పల్లెల నుంచి పోయినాడని మా నాయన చెప్పేటప్పుడు గొంతే మారిపోయేది. నాకూ అంతే, దాచుకోను.

ఆ పక్కన బంగారు గనుల సీటు ఉండాదే, దాని దోవ వేరు. అక్కడ గనిలో దిగే తమిళ కూలీలు ఎక్కువగా ఉండేవాళ్లు. కమ్యూనిస్టులు గెలిచినారు, రిపబ్లికన్ పార్టీ గెలిచింది, కడాకు మద్రాసు పార్టీ అన్నాడీఎంకే కూడా గెలిచింది. అక్కడ జెండాకు విలువ. మన కాడ మనిషికి విలువ. ఆ తేడా మనసులో పెట్టుకుంటేనే ఈ ముచ్చట అర్థమైతాది.

1978 ఫిబ్రవరి. ఇందిరమ్మ కాంగ్రెసు చీల్చి బయటికొచ్చి నెల దాటింది అంతే. జోడెద్దుల తర్వాత వచ్చిన ఆవుదూడ గుర్తు పోయి చెయ్యి గుర్తు కొత్తగా వచ్చింది. ముసలోళ్లకు అరచెయ్యి ఎత్తి చూపించి నేర్పించినాము. ఆ చెయ్యి గుర్తు మీద అడ్డగల్ రమేశ్ కుమార్ అనే పడుచు పిల్లోడు గెలిచినాడు. నోరు తెరిస్తే జనం కదిలేవాళ్లు కారు. శాసనసభలో ఆయన కన్నడం వినడానికి అవతలి పార్టీవాళ్లు కూడా చెవులొగ్గేవాళ్లు. మన రచ్చకట్ట మీద నిలబడితే తెలుగే.

1983లో ఏమైందో చూడు. రాష్ట్రమంతా జనతా గాలి. కర్ణాటకంలో కాంగ్రెసు మొదటిసారి గద్దె దిగింది, రామకృష్ణ హెగడే ముఖ్యమంత్రి అయినాడు. మన తాలూకా మటుకు ఆ గాలికి ఎదురు నడిచి కాంగ్రెసు మనిషి జి.కె. వెంకటశివారెడ్డిని గెలిపించింది. రెండేళ్లకే, 1985లో, మళ్లీ ఓట్లు. ఈసారి రమేశ్ కుమార్ జనతా పార్టీలో నిలబడి గెలిచినాడు. 1989లో రెడ్డి, కాంగ్రెసు. ఆ ఏడే పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఓటు వచ్చింది, మీ చిన్నాయన గంతులేసుకుంటా పోయినాడు. 1994లో రమేశ్ కుమార్, జనతాదళ్. దేవెగౌడ ముఖ్యమంత్రి, మన రమేశ్ కుమార్ స్పీకరు. 1999లో రెడ్డి, మళ్లీ కాంగ్రెసు.

ఇంక 2004 వచ్చేసరికి రమేశ్ కుమార్ కాంగ్రెసులో ఉండాడు, గెలిచినాడు. 2008లో రెడ్డి జేడీఎస్ నుంచి, ఆ తలమీద వరికట్ట మోసే ఆడమనిషి గుర్తు మీద, గెలిచినాడు. ఇద్దరూ ఒకరి చొక్కా ఒకరు తొడుక్కున్నట్టు అయింది. అయినా మన జనం తికమక పడలేదు. చెయ్యి గుర్తు రెడ్డిది అనుకున్న ఇంట్లో ఆ చెయ్యి రమేశ్ కుమార్‌దయింది, వాళ్లు గుర్తును వదిలి మనిషి వెంట పోయినారు. 2013లో మళ్లీ రమేశ్ కుమార్. 1978 నుంచి తొమ్మిది ఎలక్షన్లు, ఒక్కసారన్నా వంతు తప్పలేదు.

బెంగుళూరు పేపర్లవాళ్లు దీన్ని గాలి అంటారు. ఒప్పుకోను. 1985 నుంచి 1999 దాకా రాష్ట్రంలో గెలిచిన పార్టీనే మన కాడా గెలిచింది, నిజమే. మరి 1983లో? 2008లో రాష్ట్రంలో బీజేపీ గెలిస్తే మనోళ్లు జేడీఎస్‌కు వేసినారే? 2023లో కాంగ్రెసుకు 135 సీట్లు వస్తే ఇక్కడ మళ్లీ జేడీఎస్సే కదా? గాలి గీలి కాదు. ఒకరే పాతుకుపోకూడదని మన పల్లెలు కూడబలుక్కోకుండానే చేసుకున్న ఏర్పాటు ఇది.

దాంట్లో మేలు చెప్తా విను. వేరే తాలూకాల్లో ఓడినోడు కనబడకుండా పోతాడు. ఇక్కడ ఓడినోడికి తెలుసు, అయిదేళ్లకు వంతు వస్తాదని. అందుకని చావుకు వస్తాడు, పెండ్లికి వస్తాడు, తహశీల్దారు ఆఫీసులో పని ఆగిపోయిందంటే ఫోను చేస్తాడు. గెలిచినోడు బెంగుళూరులో ఉంటే ఓడినోడు మన గడపలో ఉంటాడు. ఒక ఓటుకు ఇద్దరు ఎమ్మెల్యేలు మనకు.

కీడు కూడా చెప్పకపోతే అబద్ధమైతాది. ఊరు రెండుగా చీలింది. ఆ పక్షానికి ఒక టీ అంగడి, ఈ పక్షానికి ఒక టీ అంగడి. జాతరలో ఉత్సవమూర్తిని ముందు ఎవరి వీధికి తీసుకపోవాలనే దాని మీద తలలు పగిలినాయి. మీ అత్తకు ఒక మంచి సంబంధం వచ్చింది, పిల్లోడి తండ్రి అవతలి పక్షమని మా అన్న ఒప్పుకోలేదు. నేను గట్టిగా కొట్లాడింటే ఆ పెండ్లి జరిగేది, కొట్లాడలేదు. వీధికి మోరీ కట్టేదానికి కూడా అది ఎవరి పక్షం వీధి అని చూసిన రోజులుండాయి. ఆ ఇద్దరు నాయకులూ ఎదురుపడితే నమస్కారం పెట్టుకుంటారు. మనమే పగలు మోసినాము.

2018లో మొదటిసారి వంతు తప్పింది. రమేశ్ కుమార్ వరసగా రెండోసారి గెలిచినాడు. అంతకుముందు ఆరోగ్య మంత్రిగా ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులను అదుపు చేసేదానికి చట్టం తెస్తే 2017లో డాక్టర్లంతా వీధికెక్కినారు, గుర్తుండే ఉంటాది. బీదోడి పక్కన నిలబడినాడని మన కాడ లెక్క వేసుకున్నారు. గెలిచినాక మళ్లీ స్పీకరు. 2019 జులైలో కుమారస్వామి సర్కారు 99కి 105 ఓట్లతో పడిపోయింది. ఆ వారంలోనే పార్టీ ఫిరాయించినారని 17 మంది ఎమ్మెల్యేలను రమేశ్ కుమార్ అనర్హులను చేసి, తనూ రాజీనామా ఇచ్చి దిగిపోయినాడు. సుప్రీంకోర్టు నవంబరులో ఆ అనర్హత సరేనంది, 2023 దాకా నిలబడకూడదన్న ముక్క మటుకు కొట్టేసింది. దేశమంతా టీవీల ముందు కూర్చుని మన శ్రీనివాసపురం మనిషిని చూసింది ఆ నెలలో. అదే మనిషి 2021లో బెళగావి సభలో ఆడోళ్ల మీద అత్యాచారం గురించి అనరాని మాట అన్నాడు. మర్నాడు క్షమాపణ అడిగినాడు. మీ అవ్వ మటుకు ఆ క్షమాపణ తీసుకోలేదు. ఆమెదే న్యాయమని నా లెక్క.

2023లో రెడ్డి మళ్లీ గెలిచినాడు. పదకొండు ఎలక్షన్లలో ఆరు రమేశ్ కుమార్‌వి, అయిదు రెడ్డివి. ఇద్దరికీ వయసైపోయింది.

ఈ నలభై అయిదేళ్లలో నాకు కడుపు మండే సంగతి నీళ్లది. మనకు ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. చెరువులు ఎండినాయి, వెయ్యి అడుగులు దాటి బోరేసినా దుమ్మే. పడిన నీళ్లల్లో ఫ్లోరైడు. ఇద్దరూ మారి మారి పాలించినా ఒక తరం మొత్తం బోర్లకు అప్పులు చేసి మునిగింది. 2018 జూనులో బెంగుళూరు మురికినీళ్లను శుద్ధి చేసి కోరమంగల-చల్లఘట్ట పథకం కింద మన జిల్లా చెరువులకు వదిలినారు. 126 చెరువులు, రోజుకు 44 కోట్ల లీటర్లు అని లెక్క. నీళ్లు కనబడినాయి, బోర్లలో మట్టం లేచింది, కాదనను. కానీ ఆ శుద్ధి రెండు దశలే. మూడో దశ కూడా చేసి వదలండి అని జిల్లాలో జనం అరుస్తానే ఉండారు. మన పిల్లకాయలు తాగేది ఆ చెరువుల కింది నీళ్లే కదా.

ఇంకోటి మామిడి. 2025 జూనులో తోతాపురి లారీలను చిత్తూరు జిల్లా లోపలికి రానియ్యలేదు. అక్కడి గుజ్జు ఫ్యాక్టరీలనే నమ్ముకున్నోళ్లం మనం. వాళ్లదీ తెలుగే, మనదీ తెలుగే, వాళ్ల రైతుకూ ధర లేదు, వాళ్లను అనేదేముంది. శ్రీనివాసపురంలో ఆ నెలలోనే ఒకరోజు బందు చేసినారు. ఆ పొద్దు రెండు పక్షాల రైతులూ ఒకే దుఃఖంలో ఉండారు, నేను కండ్లారా చూసినా.

2028కి నీకు ఓటు వస్తాది. ఎవరు నిలబడతారో, ఆ ఇద్దరి ఇండ్ల నుంచి వస్తారో, కొత్తోళ్లు వస్తారో. ఎవరొచ్చినా రచ్చకట్ట కాడ నిలేసి ఈ రెండు అడుగు. చెరువు నీళ్లకు మూడో శుద్ధి ఎప్పుడు చేయిస్తావు? తోతాపురికి మన తాలూకాలోనే ధర ఎట్ల నిలబెడతావు? తెలుగులోనే అడుగు, రెండు వీధులవాళ్లకూ వినబడేటట్టు.